దులిపిన గొంగడి

నేను పిరికివాణ్ణి. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "ఇన్నేళ్లు ఆ రోగాల మధ్య ఎట్లా పనిచేశారు సార్, మీకు ధైర్యం ఎక్కువ" అంటుంటారు. నా దగ్గర ధైర్యం ఏనాడూ లేదు. అందరూ ఒక జత గ్లౌజులు వేసుకుంటే నేను రెండు జతలు వేసుకునేవాణ్ణి. వెనకాల నన్ను "డబుల్ గ్లౌజుల సారు" అనేవారు. ముందర కూడా అనేవారు, నేనే వినపడనట్టు ఉండేవాణ్ణి.

ఈ భయానికి ఒక పుట్టుక ఉంది. మాది మక్తల్ దిక్కు. మా పెద్దలకు సెంటు భూమి లేదు. ఊళ్లో పశువు చస్తే మోసుకుపోయి తోలు ఒలవడం మా నాయినకూ చిన్నాయినకూ పని. నేను చిన్నగా ఉన్నప్పుడు మా చిన్నాయిన ఒక ఎద్దును ఒలిచి వచ్చాడు. మోచేతి కింద దోమ కుట్టినంత దద్దు లేచింది. అది పొక్కై, చితికి, నడుమ బొగ్గులాగా నల్లబడింది. నొప్పి మాత్రం లేదు. "నొప్పి లేని పుండు పుండేనా" అని నవ్వి మమ్మల్నందరినీ నవ్వించాడు. ఆ తర్వాత జ్వరం వచ్చింది, ఒళ్లంతా ఉబ్బింది, నాలుగు రోజులకు మనిషి లేడు. దాన్ని మావైపు దొమ్మ రోగం అంటారు. ఆంథ్రాక్స్ అనే పేరు నేను చదువుకున్నాక తెలిసింది. చదువుకుని, సర్కారు నౌకరీకి పరీక్ష రాసి, చివరికి ఎక్కడ తేలానంటే, చచ్చిన పశువుల రక్తాన్ని పరీక్ష చేసే ల్యాబులో. దేవుడికి నాతో వేళాకోళం ఎక్కువ.

మా ల్యాబు పాలమూరు ప్రాంతంలో ఉండేది. అది ఏదో, ఎక్కడో చెప్పను. అక్కడ ఉన్నవాళ్లకు పిల్లలున్నారు, మనవలున్నారు. నేను చెప్పే సంగతి రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, నా సర్వీసు చివరి రోజుల్లో జరిగింది.

ముందు పని గురించి ఒక్క ముక్క. ఏ ల్యాబులోనైనా అసలు చిక్కు సూక్ష్మజీవి ఉందా లేదా అన్నది కాదు. ఉన్నది బతికి ఉందా, చచ్చిందా అన్నది. గాజు పలక మీద రక్తం చుక్క పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెడితే దొమ్మ బాక్టీరియా పుల్లల్లాగా వరుసగా కనిపిస్తుంది. బతికినదీ అట్లాగే కనిపిస్తుంది, చచ్చినదీ అట్లాగే కనిపిస్తుంది. పైగా ఈ దొమ్మది గింజ కట్టే జాతి. గాలి తగిలితే చుట్టూ గట్టి పెంకు కట్టుకుని మట్టిలో ఏళ్లకేళ్లు పడుకుంటుంది. తిండి లేదు, కదలిక లేదు. అట్లా పడుకున్నదాన్ని చచ్చిందని ఎట్లా చెప్తారు? మా దగ్గర ఒక్కటే దారి. గొర్రె రక్తం కలిపిన జెల్లీ ప్లేటు మీద దానికి అన్నం పెట్టి, ఒంటి వేడి ఉండే పెట్టెలో, అంటే ఇంక్యుబేటరులో, ఉంచడం. బతికుంటే తిని పెరుగుతుంది. పెరగకపోతే చచ్చినట్టు. ఇన్నేళ్లూ నేను ఈ మాటను వేదవాక్కులాగా నమ్మాను.

తొలకరి వానలు పడ్డాక ఒక ఊళ్లో గొర్రెలు చచ్చాయి. ఎండిన చెరువు మట్టి తడిసి గడ్డి మొలిస్తే మందలన్నీ అక్కడే మేశాయి. పొద్దున మేసిన గొర్రె సాయంత్రానికి పడిపోయేది, ముక్కులోంచి నల్లటి రక్తం కారేది. రక్తం మా దగ్గరికి వచ్చింది, చూశాం, దొమ్మే. మా మేడం, అంటే ల్యాబు డాక్టరు, వయసులో మా పెద్దమ్మాయికంటే చిన్నది, స్వయంగా ఆ ఊరికి వెళ్లి టీకాలు వేయించి, కళేబరాలు లోతుగా పూడ్పించి, సున్నం పోయించి వచ్చింది. రక్తం అంటిన గుడ్డ, చెప్పు, తాడు ఏదైనా సరే కాల్చెయ్యమని ఇంటింటికీ చెప్పింది. అందరూ తలలూపారు. మన దిక్కు తల ఊపడం వేరు, చెయ్యడం వేరు.

వారం తర్వాత ఒక ఉదయం మా వరండాలోకి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్లటి తలపాగా, భుజాన యూరియా బస్తా. ల్యాబులో అప్పుడు నేనూ, మా అటెండరూ ఉన్నాం. అటెండరు కురుమల పిల్లవాడు. పిల్లవాడంటే నలభై దాటినవాడే, నాకంటే చిన్న కాబట్టి అట్లా అంటున్నాను. నవ్వు, నోరు రెండూ పెద్దవి. పెద్దాయన తలపాగా తీరు చూడగానే తనవాళ్లేనని గుర్తుపట్టాడు.

"రా మామా, గట్ల నిలవడ్డవేంది, కూసో" అన్నాడు.

"కూసుంట గని, గిది వట్టు" అని పెద్దాయన బస్తా అందించాడు.

అటెండరు బస్తాను గది లోపలికి తెచ్చి మూతి విప్పాడు. లోపల నల్లటి గొంగడి. పాతది, దళసరిది, చింతగింజల గంజి పట్టించి అట్టలాగా బిగిసి ఉంది. ఆ తర్వాత జరిగింది రెప్పపాటు పని. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గొంగళ్ల మధ్య పెరిగినవాడి చేతికి గొంగడి వస్తే ఏం చేస్తాడు? రెండు కొసలు పట్టుకుని ముఖం ముందర ఫటఫటా దులిపాడు. తేలు ఉంటుందనో, ముల్లు ఉంటుందనో, గొర్రెల కాపరి బిడ్డ దులపకుండా గొంగడి పరచడు. కిటికీలోంచి వచ్చే ఎండలో దుమ్ము లేచింది. కళ్లు మండాయి, ముక్కుకు ఏదో ఘాటు తగిలింది. అటెండరు రెండుసార్లు తుమ్మి, గొంగడిని వరండా గడప లోపల నేల మీద పరిచి, "కూసో మామా" అన్నాడు.

పెద్దాయన కూర్చోలేదు. గొంగడికేసి చూస్తూ, "దొమ్మ గొర్రెను మా పొలగాడు గీ గొంగట్లనే మోసుకచ్చిండు. జర సూసి చెప్పున్రి, అండ్ల పురుగు సచ్చిందా, బతికుందా" అన్నాడు.

ఆ క్షణం నాకు ఇప్పటికీ ఒంట్లో ఉంది. ఊపిరి పీల్చకూడదని అనుకున్నాను, అప్పటికే పీల్చి ఉన్నాను. తోలు మీద పుండైతే కనిపిస్తుంది, మందు పడుతుంది. అదే గింజ ఊపిరితిత్తుల్లోకి పోతే ముందు జలుబులాగా మొదలవుతుంది, జలుబు కాదని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఇది నేను పుస్తకంలో చదివాను. అటెండరు చదవలేదు, కానీ నా ముఖం చదివాడు.

"ఏమైంది సారూ?" అన్నాడు.

"బయటికి నడువు" అన్నాను. 

మేడం జీపు దిగేసరికి మేం ముగ్గురం ఆవరణలో వేపచెట్టు కింద ఒకరికొకరం దూరంగా నిలబడి ఉన్నాం. ఆమె మమ్మల్ని తిట్టలేదు, అందుకే ఇంకా భయమేసింది. గొంగడిని తానే పూర్తి తొడుగు వేసుకుని వెళ్లి, తడిపి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూటకట్టింది. గది మూయించి మందు చల్లించింది. మా బట్టలు సంచిలో వేయించి, మా చేత సబ్బుతో స్నానం చేయించి, మధ్యాహ్నానికల్లా తానే పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరు ముగ్గురికీ గోలీలు రాశాడు. గింజ ఒంట్లో పడుకుని ఉంటే ఎప్పుడు లేస్తుందో తెలియదు కాబట్టి రెండు నెలలు వదలకుండా మింగాలన్నాడు. గొంగట్లో ఉన్నది చచ్చిందని ల్యాబులో తేలితే మాత్రం ఆపేయొచ్చన్నాడు. ఆ చివరి మాటను అటెండరు గట్టిగా పట్టుకున్నాడు.

పెద్దాయన కథ మాకు ఆ దవాఖాన బెంచీ మీద తెలిసింది. పడిపోయిన గొర్రెను కొడుకు వానలో గొంగట్లో చుట్టుకుని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఆ పిల్లవాడికి మెడ మీద పుండు లేచింది, సమయానికి సూదులు పడి బతికాడు. గొంగడి పెద్దాయన తండ్రిది. తమ మంద బొచ్చుతో తండ్రే దగ్గరుండి నేయించినది. వాళ్ల ఇంట్లో ఏ పెళ్లయినా పిల్లా పిల్లగాడూ దాని మీద కూర్చోవాల్సిందే. ఇప్పుడు ఆ కొడుక్కే పెళ్లి కుదిరి ఉంది.

"కాలవెట్టుమంటె నాకు చేతులు రాలే డాక్టరమ్మా" అన్నాడు మేడంతో. "కోళ్ల ఫారంల మందు చల్లుతరు గదా, గది అడుక్కచ్చి గొంగడిని నానవెట్టిన. ఎండల ఆరేసిన. పురుగును సంపిన అనుకుంటున్న. మీరు సూసి సచ్చింది అంటె తీస్కపోత. సావలే అంటె మీరే కాలవెట్టున్రి, నేను అడ్డం రాను."

మేడం మా ఇద్దరి చేతుల్లోని గోలీల చీటీలు చూసింది. తర్వాత, "సరే పెద్దయ్యా, చూస్తాం" అంది. గొంగడి కోసం కాదు, మా ఇద్దరి కోసం చూడాలనుకుందని నాకు అర్థమైంది.

మరకలు ఉన్న చోట రెండు మూడు చిన్న ముక్కలు కత్తిరించి, గాలి బయటికి రాని గాజు పెట్టెలో పెట్టి, నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లను ప్లేట్ల మీద వేశాం. నేను మూడు జతల గ్లౌజులు వేసుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

ఇక ఎదురుచూపు. ఆ రోజులు ఎట్లా గడిచాయంటే, పొద్దున లేవగానే గొంతు గరగరమందా అని చూసుకునేవాణ్ణి. దర్వాజా వెనక నిలబడి దొంగతనంగా దగ్గి, ఆ దగ్గు ఎట్లా ఉందో విని, మా ఆవిడ చూడకముందే బయటికి వచ్చేవాణ్ణి. మనిషి నుంచి మనిషికి ఇది అంటదని మేడం ఎన్నిసార్లు చెప్పినా అటెండరు ఇంట్లో పిల్లలకు దూరంగా వాకిట్లో పడుకున్నాడు. గోలీలు అతనికి పడలేదు. మింగిన గడియకల్లా కడుపులో తిప్పి వాంతి. పెద్ద నోరు చిన్నదైపోయింది. ఒకరోజు సీసాలు కడుగుతూ ఆగి, "సారూ, మీ చిన్నాయినకు గిట్లనే అయిందా?" అని అడిగాడు.

"ఆయనది వేరే" అన్నాను.

"సచ్చుడు వేరే ఉంటదా?"

 నేను ప్రభువును తలుచుకున్నాను, అతను బీరప్పను తలుచుకున్నాడు. ఇద్దరం ఇంక్యుబేటరు ముందు నిలబడేటప్పుడు మాత్రం ఒకే దేవుడికి మొక్కినట్టు నిలబడేవాళ్లం.

మొదటి రోజు ప్లేటు మీద ఏమీ లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు మేడం ప్లేట్లన్నీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. ఎర్రగా, నున్నగా, కడిగిన నేల లాగా ఉన్నాయి. "లేదు" అంది. "చచ్చింది. పెద్దాయన చంపాడు."

అటెండరు అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. లేచి బయటికి పోయి మిర్చి బజ్జీల పొట్లాలు, చాయ్ తెచ్చాడు. మేడం నవ్వడం ఆ వారంలో అదే మొదలు. జేబులోంచి గోలీల అట్ట తీసి అటెండరు చెత్తబుట్టలో పడేశాడు. "రేపు మామను రమ్మంట. గొంగడి తీస్కపోతడు. లగ్గానికి మనల్ని గూడ పిలుస్తడు సూడున్రి" అన్నాడు.

నేను బజ్జీ చేతిలో పట్టుకుని ఉన్నాను. తినబుద్ధి కాలేదు.  ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాను. అన్నంలో ఒక వెంట్రుక వచ్చింది. మా ఆవిడ దాన్ని తీసి పడేస్తూ, "గొంగట్ల తినుకుంట ఎంట్రుకలు ఏరినట్టు గింత సేపు సూస్తరా" అంది. అది అందరూ అనే మాటే, నేనూ లక్షసార్లు అన్నదే. ఆ రోజు మాత్రం చేయి కంచంలోనే ఆగిపోయింది.

గొంగట్లో తింటే వెంట్రుకలు రావాలి. రాకపోతే అనుమానించాలి. ఆ గొంగడి గొర్రెల మంద నడుమ, పెంటలో, బురదలో ఏళ్ల తరబడి పడుకున్నది. దొమ్మ చచ్చిందే అనుకుందాం. మరి మట్టిలోని మిగతా సూక్ష్మజీవులన్నీ ఏమయ్యాయి? మా ప్లేటు మీద ఒక్క బూజు చుక్క కూడా లేదు. మా ల్యాబులో కుళాయి నీళ్లు వేసినా ప్లేటు అంత శుభ్రంగా ఉండదు. అంత శుభ్రమైనది ఒక్కటే చూశాను నా సర్వీసులో, ఫార్మలిన్ సీసా లోపలి గోడ. సూక్ష్మజీవులను చంపే ఆ ఘాటు మందునే కోళ్ల ఫారాల్లోనూ చల్లుతారు. అది తట్టగానే ఆ దుమ్ము ఘాటు గుర్తొచ్చింది, కళ్ల మంట గుర్తొచ్చింది.

పొద్దున్నే మేడం కంటే ముందు వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. చెప్పాను. ఆమెకు చిరాకు వచ్చింది. రావడం న్యాయమే. పై ఆఫీసుకు ఫోన్ చేసి గండం గడిచిందని చెప్పేసిన మనిషి ఆమె. "మీకు భయం ఎక్కువ సార్. ప్లేటు మీద ఏమీ లేకపోయినా భయమేనా?" అంది.

"ఏమీ లేకపోవడమే భయంగా ఉంది మేడం" అన్నాను.

ఆమె నన్ను దాటి నాలుగడుగులు పోయి ఆగింది. వెనక్కి తిరగకుండానే, నెమ్మదిగా, తనలో తాను అనుకున్నట్టు అంది. "మందు గొంగట్లోనే ఉంది. మనం నానబెట్టిన నీళ్లలోకి వచ్చింది. నీళ్లతో పాటు ప్లేటు మీదికి వచ్చింది." ఇక అక్కడి నుంచి దారి చూపింది ఆమే. మా దగ్గర ప్లేట్ల మంచిచెడ్డలు చూడడానికి మట్టిలో దొరికే, ఎవరికీ హాని చెయ్యని ఒక బాక్టీరియాను బతికించి పెట్టుకునేవాళ్లం. గడ్డి మొలిచినట్టు మొలిచే రకం, రాత్రి వేస్తే తెల్లారేసరికి ప్లేటంతా పాకుతుంది. దాన్ని తీసి, ఆ శుభ్రమైన ప్లేట్ల మీద చల్లింది. "ఇది పెరిగితే మీరు నాకు బజ్జీలు తినిపించాలి" అంది. నేను నిజంగా తినిపించాలనే కోరుకున్నాను.

పెద్దాయన వచ్చాడు. రేపు రమ్మన్నాం. గేటు బయటే తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు, ఊరికి పోనన్నాడు.

మర్నాడు పొద్దున ప్లేట్లు తీశాం. మామూలు ప్లేటు మీద ఆ గడ్డి జాతి తెల్లగా పాకిపోయి ఉంది. గొంగడి నీళ్లు వేసిన ప్లేట్ల మీద అది కూడా మొలవలేదు. కళ్ల ముందు బతికి ఉన్నదాన్ని తెచ్చి చల్లితే, అది కూడా ఆ ప్లేటు మీద చచ్చినట్టు పడి ఉంది. అంటే మా ప్లేటు మాకు అబద్ధం చెప్పింది. గొంగట్లో చచ్చిందో బతికిందో మాకు ఏమీ తెలియదు. ఎక్కడేసిన గొంగడి అక్కడే. ఈలోగా అటెండరు గోలీలు మానేశాడు.

ఆ రోజు అతను డ్యూటీకి రాలేదు.

మేడం జీపు ఎక్కమంది. ఇద్దరం వాళ్ల ఇంటికి పోయాం.  ఇంటి ముందు అతని భార్య నీళ్లు మోస్తూ ఉంది. మమ్మల్ని చూసి బిందె దించి, "రాత్రి నుంచి జరం సారూ. వానకు తడిసిండు, జలుబు వట్టింది అంటుండు. పండుకున్నడు" అంది.

జలుబు అన్న మాట వినగానే చెప్పులు విడవకుండానే లోపలికి పోయాను. లోపల అతను ముసుగు తన్ని పడుకుని ఉన్నాడు. మేడం ముసుగు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మా ఇద్దరి ముఖాలు చూసి లేచి కూర్చున్నాడు.

"సావలేదా సారూ?" అని అడిగాడు. గొంగట్లో దాని గురించి అడుగుతున్నాడని అర్థమయ్యేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తెల్వదు తమ్మీ. లే, దవాఖానకు పోదాం" అన్నాను.

పెద్ద దవాఖానలో ఛాతీ ఫొటో తీశారు, రక్తం తీశారు, సూదులు మొదలుపెట్టారు. డాక్టరు ఫొటోను వెలుతురుకు పట్టుకుని చూస్తుంటే మా మేడం ప్లేట్లను చూసినట్టే ఉంది. "ఛాతీ శుభ్రంగా ఉంది" అన్నాడు. శుభ్రం అన్న మాట మీద నాకు నమ్మకం పోయిన రోజులవి. అటెండరును అక్కడే ఉంచి ల్యాబుకు వచ్చాం. అతను బతకాలంటే ఏం చెయ్యాలో దవాఖాన చూసుకుంటుంది, అతను ఏ భయంతో బతకాలో మేం తేల్చాలి.

మళ్లీ గొంగడి ముక్కలు తీశాం. ఈసారి ఫార్మలిన్‌ను విరిచే లవణం కలిపిన నీళ్లలో నానబెట్టాం. ఆ నీళ్లను గిరగిర తిప్పే మెషిన్లో వేసి, మడ్డిని అడుక్కి దింపి, పై నీళ్లు తీసేసి, మళ్లీ కడిగాం. మా చేతులకు విసుగు వచ్చేదాకా కడిగాం. ఆ కడిగిన మడ్డిని కొత్త ప్లేట్ల మీద వేశాం. పక్కన ఇంకో ప్లేటు మీద అదే మడ్డితో పాటు మా గడ్డి జాతిని కూడా వేశాం. అది మొలిస్తేనే ఈసారి ప్లేటు మాట నమ్మాలి. ఈ రెండో ప్లేటు గురించే పిల్లలూ, నేను ఇదంతా చెప్తున్నది. లేదు అని చెప్పే ప్రతి పరీక్ష పక్కనా, ఉంటే కనిపించేదే అని చూపించే ఇంకో పరీక్ష పెట్టండి. మాకు అంతకుముందు ఆ అలవాటు లేదని కాదు. రోజూ చేసేదాన్ని, భయం ఎక్కువైన రోజున, మంచి మాట తొందరగా వినాలన్న ఆశలో మర్చిపోయాం. నాలాంటి పిరికివాడే మర్చిపోయాడంటే ధైర్యవంతుల సంగతి చెప్పక్కర్లేదు.

తెల్లవారి ఇంక్యుబేటరు తలుపు తీసింది నేను. మేడం పక్కనే నిలబడింది. గడ్డి జాతి మొలిచింది. అంటే ఈసారి ప్లేటు నిజం చెప్తుంది. దాని పక్క ప్లేటు తీశాను. ఎర్రటి జెల్లీ మీద రకరకాల చుక్కలు ఉన్నాయి, గొంగడి గొంగడిలాగానే ఉంది. వాటి నడుమ అక్కడక్కడా బూడిద తెలుపు మచ్చలు, గరుకుగా, అంచులు సరిగా లేకుండా. మేడం ఒక ప్లేటును మూత తియ్యకుండానే భూతద్దం కింద పెట్టి చూసి, జరిగి నాకు చోటిచ్చింది. మచ్చ అంచున పాయలు పాయలుగా, వంకీలు తిరిగి, చిక్కుపడ్డ వెంట్రుకలు. దొమ్మ గుంపు అంచు అట్లాగే ఉంటుంది. నేను పుస్తకంలో చూశాను, పాత ప్లేట్ల మీద చూశాను. నేను పీల్చిన దుమ్ములో ఉన్నదాన్ని చూడడం మాత్రం అదే మొదటిసారి.

"బతికే ఉంది" అంది మేడం. ఆ తర్వాత మేం చేసిన పరీక్షలన్నీ ఆ మాటనే మళ్లీ మళ్లీ చెప్పాయి.

గేటు దగ్గరికి పోయి పెద్దాయనకు చెప్పాల్సింది ఆమె, కానీ నన్ను చెప్పమంది. ఆయన తువ్వాల మీంచి లేచాడు.

"సావలే పెద్దయ్యా" అన్నాను.

ఆయన తువ్వాల మడిచి భుజాన వేసుకున్నాడు. "గొర్రె సచ్చింది. గొర్రెను సంపింది బతికింది. మందుల నానవెట్టినా బతికింది" అన్నాడు. తర్వాత, "గా పిల్లగాడు ఎట్లున్నడు, దులిపినోడు?" అని అడిగాడు.

"దవాఖానల ఉన్నడు. సూదులు వేస్తున్నరు."

"నేనే తెచ్చిన. బస్సుల ఒళ్లె పెట్టుకోని తెచ్చిన" అన్నాడు. బస్సు అన్న మాట వినగానే పక్కన ఎవరెవరు కూర్చున్నారని అడిగాను. బస్తా మూతి దారిలో విప్పలేదని ఆయన బీరప్ప మీద ఒట్టేసి చెప్పాడు. మేం నమ్మాం. నమ్మడం తప్ప చేసేది లేక ఆ ఊరి మీదా, ఆ బస్సు డ్రైవరు మీదా, కండక్టరు మీదా చాలా రోజులు కన్నేసి ఉంచాం. ఎవరికీ ఏమీ కాలేదు.

గొంగడిని మా ఆవరణ వెనక కాల్చే బట్టీలో సంచులతో సహా వేశాం. పెద్దాయన దూరంగా గోడ పక్కన నిలబడి చూశాడు. చెప్పిన మాట ప్రకారం అడ్డం రాలేదు. పొగ ఆగిపోయాక, "ఇప్పుడు సచ్చిందా?" అన్నాడు.

"సచ్చింది" అన్నాను. నా సర్వీసు మొత్తంలో పరీక్ష చెయ్యకుండా, వెంటనే, గట్టిగా చెప్పిన మాట అదొక్కటే.

అటెండరు జ్వరం మూడు రోజుల్లో దిగింది. వాన జలుబేనని డాక్టరు తేల్చాడు. అయినా ఊళ్లో పెద్దాయనా, ఇక్కడ మేం ఇద్దరం రెండు నెలలూ గోలీలు మింగాం. అతను వాంతి చేసుకుంటూ మింగాడు, అతను మింగాడో లేదో చూస్తూ నేను మింగాను. ఆ గింజ అసలు మా లోపలికి పోయిందా, పోతే గోలీలు చంపాయా, పోలేదా, ఈ సంగతి మాకు తెలియదు. మన ఒంటికి రెండో ప్లేటు లేదు. పెద్దాయన కొడుకు పెళ్లికి పోయాం. కొత్త గొంగడి తెచ్చారు. పరిచేముందు ఎవరో దాన్ని ఫటఫటా దులిపారు. పందిట్లో అందరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, మేం ఇద్దరం మాత్రం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

నేను రిటైరయ్యాక ప్రతి ఏడూ తొలకరి వాన పడగానే అటెండరుకు ఫోన్ చేసేవాణ్ణి. ఏం అడగాలో తెలియక ఊరికే ఎట్లున్నవని అడిగేవాణ్ణి. రెండేళ్లకే అతనికి నా సంగతి తెలిసిపోయింది. నా నంబరు చూసి ఎత్తగానే, "బతికే ఉన్న సారూ, పెట్టెయ్యి" అనేవాడు.

ఈ ఏడు మోకాళ్ల నొప్పులతో మంచం పట్టి, వాన పడ్డ సంగతే గమనించలేదు. సాయంత్రం ఫోన్ మోగింది. అతనే.

"వాన పడ్డది సారూ" అన్నాడు.  ఇన్నేళ్ల ఫోన్లలో అతని గొంతులో భయం వినడం అదే మొదలు. "నువ్వు బతికే ఉన్నవా?"